రన్‌వే కనబడకపోతే వెనక్కి తిరగాలి

ధనుర్మాసపు చలిలో వేప్పనపల్లి తెల్లవారుజాము ఎలా ఉంటుందో మన పిల్లలకు కొత్తగా చెప్పనక్కర లేదు. మార్కండేయ నది వైపు నుంచి లేచిన పొగమంచు మామిడితోటల మీద పరుచుకుందంటే, ఏడు దాటినా బడి ఎదుటి మలుపు కనబడదు. క్రిష్ణగిరి బస్సు వస్తుంటే ముందు హారను వినిపిస్తుంది, తర్వాత దీపాలు, ఆఖరున బస్సు. డ్రైవరు మెల్లగా, కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ నడుపుతాడు. మంచు మరీ దట్టమైతే చింతచెట్టు కింద పక్కకు తీసి ఆపేస్తాడు. మొదటి పీరియడ్ పోతుంది, అంతే. ఎందుకు ఆపావని ఎవరూ అతన్ని నిలదీయరు.

గాలిలో ఉన్న విమానానికి ఈ వెసులుబాటు లేదు. పక్కకు తీసి ఆపడానికి అక్కడ చింతచెట్టు లేదు. వేగం ఒక హద్దుకు మించి తగ్గిస్తే రెక్కలు మోయలేవు, పడిపోతుంది. నేల దగ్గర పడ్డాక పైలట్‌కు రెండే దారులు మిగులుతాయి. దిగడం ఒకటి, మళ్లీ పైకి లేచి వేరే చోటికి పోవడం మరొకటి. రెండో దారి పట్టాల్సిన సమయంలో మొదటి దారి పట్టి కూలిన చిన్న విమానాల జాబితా చాలా పెద్దది. అందులో దేశాధికారులు, పారిశ్రామికవేత్తలు, విలేకరులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర పైలట్లు అందరూ ఉన్నారు.

ఈ విషయం ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉంది. హోసూరులో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని 2024 జూన్ 27న అప్పటి ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. 2,000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులు అన్నది ఆ ప్రకటనలోని లెక్క. స్థలం విషయంలో బేరిగై, బాగలూరు పేర్లు ముందుకొచ్చాయి. శూలగిరి తాలూకా బేరిగై మనకు పరాయి ఊరేమీ కాదు. మన పిల్లల్లో సగం మందికి ఆ చుట్టుపక్కల మేనమామల ఇళ్లున్నాయి. బెళగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ వారి ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్ ఇప్పటికే ఉంది. బెంగళూరు విమానాశ్రయ ఒప్పందంలోని 150 కిలోమీటర్ల నిబంధన 2033 వరకు అడ్డుగా ఉంది కాబట్టి పెద్ద విమానాలు ఎప్పుడు వస్తాయో చెప్పలేం. కానీ పరిశ్రమలు ఉన్నచోటికి ముందుగా వచ్చేవి ఆరుగురో ఎనిమిది మందో కూర్చునే జెట్లు. వాటి కథ మనకు తెలిసి ఉండాలి.

పదకొండు సెకన్లు

2023 సెప్టెంబరు 14 సాయంత్రం. విశాఖపట్నం నుంచి బయలుదేరిన లియర్‌జెట్ 45 రకం చిన్న విమానం ముంబయిలో దిగుతోంది. వి.ఎస్.ఆర్. వెంచర్స్ అనే సంస్థ నడిపే విమానం అది. ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. భారీ వర్షం. చూపు ఆనే దూరం 700 మీటర్లని పౌర విమానయాన డైరెక్టరేట్ ఆరోజే చెప్పింది. విమానం రన్‌వే మీది నుంచి పక్కకు జారి, విరిగి, మంటలు లేచాయి. అదృష్టం బాగుండి ఎనిమిది మందీ గాయాలతో బతికారు. అది ముంబయి కావడం కూడా వారి అదృష్టమే. అగ్నిమాపక బళ్లు నిమిషాల్లో చేరాయి, ఆసుపత్రులు దగ్గర. అదే వర్షం, అదే జెట్టు, ఏ మారుమూల ఎయిర్‌స్ట్రిప్‌లోనో అయితే?

700 మీటర్లంటే చాలా దూరమే కదా అనిపిస్తుంది. మన బడి నుంచి ఊరి మధ్యకు నడిచేంత దూరం. తొమ్మిదో తరగతి పిల్లల చేత బోర్డు మీద ఈ లెక్క వేయించి చూడండి. ఇలాంటి జెట్టు దిగేటప్పుడు గంటకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. 3,600తో భాగిస్తే సెకనుకు 61 మీటర్లు. 700 మీటర్లను 61తో భాగిస్తే 11 సెకన్ల పైచిలుకు. అంటే కళ్లకు ఏదైనా కనబడిన క్షణం నుంచి దాన్ని చేరేదాకా పైలట్ చేతిలో ఉన్న సమయం పదకొండు సెకన్లు. ఆ వ్యవధిలో కనబడింది రన్‌వేనా కాదా తేల్చుకోవాలి, విమానం దాని మధ్యగీతకు సూటిగా ఉందో లేదో చూడాలి, పక్కగాలి ఎంత నెడుతోందో అంచనా కట్టాలి, దిగాలో వద్దో నిర్ణయించాలి. హాజరు పట్టీలో ఆరేడు పేర్లు పిలిచేంత సమయం అది.

అందుకే విమానయానంలో ఆ నిర్ణయాన్ని ఆఖరి క్షణానికి వదలరు. ప్రతి రన్‌వేకు ఒక ఎత్తు ముందే రాసిపెట్టి ఉంటుంది. దీన్ని నిర్ణయ ఎత్తు అంటారు. రేడియో కిరణాలతో దారి చూపే పరికరాలు ఉన్న సాధారణ విమానాశ్రయంలో అది నేల నుంచి 200 అడుగులు, అంటే 60 మీటర్లు. అక్కడికి వచ్చేసరికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనబడాలి. కనబడకపోతే ఇంజిన్లకు పూర్తి శక్తి ఇచ్చి మళ్లీ పైకి లేవాలి. దీనికి గో అరౌండ్ అని పేరు. ఇందులో తప్పు లేదు, సిగ్గు లేదు, అపాయం లేదు. నెలకోసారైనా బెంగళూరులోనో చెన్నైలోనో జరిగేదే.

ఇంకో చిన్న లెక్క ఉంది, దీన్ని వదలకూడదు. విమానం 3 డిగ్రీల వాలుతో దిగుతుంది. కిలోమీటరు ముందుకు పోతే 52 మీటర్లు కిందికి. ఆ వాలులో 60 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు చక్రాలు తాకాల్సిన చోటు ఇంకా 1,150 మీటర్ల దూరాన ఉంటుంది. చూపు 700 మీటర్లయితే ఆ చోటు కనబడే ప్రశ్నే లేదు. మరి పెద్ద విమానాశ్రయాల్లో ఎలా దిగుతున్నారు? రన్‌వే మొదలు కావడానికి 900 మీటర్ల ముందు నుంచే పొలాల మీదుగా దీపాల వరుస వేసి ఉంటుంది. పైలట్‌కు మొదట కనబడేది రన్‌వే కాదు, ఆ దీపాలు. మారుమూల ఎయిర్‌స్ట్రిప్‌కు ఆ వరుస ఉండదు. దారి చూపే రేడియో కిరణాలూ ఉండవు. చాలాచోట్ల టవరే ఉండదు. అలాంటి చోట దిగాలంటే చూపు 700 మీటర్లు కాదు, 5 కిలోమీటర్లు ఉండాలి. కంటిచూపు మీద ఆధారపడి నడిపే ప్రయాణానికి నియమం అదే.

నియమం ఇంత స్పష్టంగా ఉంటే ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయన్నదే అసలు ప్రశ్న.

కొండ మీది మబ్బు

మనకు దగ్గరి సంఘటనల్లో రెండు హెలికాప్టర్లవి. జెట్లు కావు. అయినా వాటిని వదిలి ఈ మాట మాట్లాడలేం.

2009 సెప్టెంబరు 2 ఉదయం 8 గంటల 38 నిమిషాలకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి బయలుదేరారు. చిత్తూరు జిల్లా అనుపల్లిలో రచ్చబండ కార్యక్రమం. కుప్పం గడప దాటితే మనదే కాబట్టి, ఆ ఉదయం సభకు వెళ్లాలనుకున్న బంధువులు మన ఊళ్లలో చాలామందికి ఉన్నారు. నల్లమల మీద దట్టమైన మబ్బు, వర్షం. బెల్ 430 హెలికాప్టరు తొమ్మిదిన్నర ప్రాంతంలో పావురాలగుట్ట దగ్గర కూలింది. ఐదుగురూ మరణించారు. శకలాలు కనబడింది మర్నాడు ఉదయం. అడవిలో ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి ఆచూకీ కోసం అన్ని గంటలు వెదకాల్సి రావడమే మారుమూల అంటే ఏమిటో చెబుతుంది.

ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని విచారణ సంఘం తేల్చింది ఏమిటి? గేర్‌బాక్సుకు సంబంధించిన నూనె ఒత్తిడి విషయంలో ఏదో తేడా కనిపించి, పైలట్లిద్దరూ దాని పరిష్కారం కోసం పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. ఆ కొన్ని నిమిషాల్లో ఎదుట వాతావరణం చెడుతున్న సంగతి మీద దృష్టి నిలవలేదు. మబ్బులోని బలమైన కిందిగాలి హెలికాప్టరును నేలకు తోసేసింది. ఇందులో గమనించాల్సింది, ఇద్దరూ అనుభవజ్ఞులే. ఇద్దరూ ఒకే పని మీద వంగారు. ఒకరు పుస్తకం చూస్తే ఒకరు బయటికి చూడాలన్న చిన్న పని విభజన అక్కడ తప్పిపోయింది.

రెండోది మన రాష్ట్రంలోనే. 2021 డిసెంబరు 8న త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న వాయుసేన ఎంఐ-17వీ5 హెలికాప్టరు ఉదయం 11.48కి సూలూరులో లేచింది. 12.15కి వెల్లింగ్టన్‌లో దిగాలి. దిగడానికి ఏడెనిమిది నిమిషాల ముందు, కూనూరు దగ్గర కూలింది. ఆఖరికి మృతుల సంఖ్య 14. వారిలో అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం నుంచి సైన్యంలో చేరిన తెలుగు యువకుడు, లాన్స్ నాయక్ హోదాలో ఉన్న అంగరక్షకుడు కూడా ఉన్నాడు. రైలు పట్టాల దగ్గర నిలబడ్డ పర్యాటకులు తీసిన వీడియోలో హెలికాప్టరు మంచులోకి దూరి మాయం కావడం దేశమంతా చూసింది. లోయలో అనుకోకుండా మారిన వాతావరణం వల్ల మబ్బులోకి ప్రవేశించి, పైలట్‌కు దిక్కు తోచని స్థితి ఏర్పడి, యంత్రం సవ్యంగా పనిచేస్తూనే కొండకు తగిలిందని 2022 జనవరిలో విచారణ న్యాయస్థానం చెప్పింది. యంత్రలోపం, విద్రోహం, నిర్లక్ష్యం కారణాలు కావంది.

దిక్కు తోచకపోవడం అన్న మాటను మామూలు అర్థంలో తీసుకోకూడదు. మన చెవి లోపల ద్రవంతో నిండిన మూడు అర్ధవలయ నాళాలున్నాయని జీవశాస్త్రంలో చదువుతాం. తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పేవి అవి. కంటికి నేల కనబడుతున్నంతసేపు కళ్లూ చెవులూ ఒకే మాట చెబుతాయి. మబ్బులోకి పోతే కంటికి తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగితే ఆ ద్రవం కాసేపటికి వేగం అందుకుని కదలిక తెలియనివ్వదు. విమానం వంగి ఉన్నా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఎదుట ఉన్న పరికరం వంగావని చెబుతుంది, ఒళ్లు లేదంటుంది. ఒంటిని నమ్మకుండా పరికరాన్ని నమ్మడం నేర్చుకోవడానికే పైలట్లకు ప్రత్యేక శిక్షణ. కళ్లకు గంతలు కట్టుకుని తిరిగే కుర్చీలో కూర్చుని ఎటు తిరుగుతున్నామో చెప్పే ఆటను సైన్సు గదిలో ఆడి చూడవచ్చు. అందరూ ఓడిపోతారు.

ఇవి కాక, 2001 సెప్టెంబరు 30న సభలో మాట్లాడేందుకు కాన్పూరు పోతూ మాధవరావు సింధియా ఎక్కిన కింగ్ ఎయిర్ సీ90 చిన్న విమానం చెడు వాతావరణంలో ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి దగ్గర కూలి ఎనిమిది మంది పోయారు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ యాత్రికులతో గుప్తకాశీకి వస్తున్న హెలికాప్టరు గౌరీకుండ్ వద్ద మంచు కమ్మిన లోయలో కూలి ఏడుగురు చనిపోయారు. వివరాలు వేరు. నలుపు చొక్కా, తెలుపు చొక్కా తేడా తప్ప మనిషి ఒకడే అన్నట్టు ఉంటాయి ఈ కథలు.

ఆస్పెన్‌లో విందు

ఈ సంఘటనలు క్లాసులో చెబుతుంటే ఒక అబ్బాయి లేచి అడిగాడు. "సార్, లోపల కూర్చున్న పెద్దాయన దింపమంటే పైలట్ దింపాల్సిందే కదా?" మిగతావాళ్లు నవ్వారు. మేము నవ్వలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు అమెరికా ప్రభుత్వ విచారణ నివేదికలో అచ్చంగా ఉంది.

కొలరాడో రాష్ట్రంలో కొండల మధ్య ఆస్పెన్ అనే ఊరు. మంచు మీద జారే ఆటలకు ధనవంతులు పోయే చోటు. 2001 మార్చి 29న లాస్ ఏంజెలిస్ నుంచి 15 మంది అతిథులతో గల్ఫ్‌స్ట్రీమ్ 3 రకం అద్దె జెట్టు అక్కడికి బయలుదేరింది. ఏవ్‌జెట్ అనే సంస్థది. సిబ్బంది ముగ్గురు. ఆ జెట్టుకు ఆస్పెన్‌లో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాటితే దిగే అనుమతి లేదు. సూర్యాస్తమయం 6.28కి. అంటే గడువు 6.58. అతిథులు ఆలస్యంగా రావడంతో విమానం 41 నిమిషాలు ఆలస్యంగా లేచింది. గడువు అక్కడే సగం తినేశారు.

బయలుదేరే ముందే పైలట్ ఒక మాట అన్నాడు, ఆలస్యమైతే వేరే ఊరిలో దిగాల్సి రావచ్చని. ఆ మాట విందు ఇస్తున్న పెద్దమనిషి చెవిన పడి ఆయన మండిపడ్డాడు. పైలట్ తన అభిప్రాయాలు తన దగ్గరే ఉంచుకోవాలన్న కబురు ఆయన సహాయకుడి ద్వారా సంస్థకు చేరింది. తర్వాత సంగతి ఊహించవచ్చు. కొండల మీద చిరుమంచు కురుస్తోంది, చీకటి పడుతోంది. ముందు వచ్చిన మరో విమానం రన్‌వే కనబడక వెనక్కి తిరిగింది. ఆ సమాచారం వీళ్లు రేడియోలో విన్నారు. కాక్‌పిట్‌లోని అదనపు సీటులో ఒక ప్రయాణికుడు వచ్చి కూర్చున్నాడు. రన్‌వే కనబడకుండానే నిర్దేశించిన ఎత్తు కంటే కిందికి దిగారు. 7 గంటల 1 నిమిషం 57 సెకన్లకు, రన్‌వేకు 2,400 అడుగుల దూరంలో కొండవాలుకు గుద్దుకుంది. 18 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

నివేదిక మొదటి వాక్యం పైలట్ల తప్పునే చెబుతుంది. రన్‌వే కనబడకుండా కనీస ఎత్తు దాటి దిగడమే కారణమంది. పోటీ పరీక్షల గైడ్లలో అయితే అక్కడితో ఆగిపోతుంది. కానీ కింద ఇంకా రాశారు. రాత్రిపూట దిగడంపై ఆంక్షను ప్రభుత్వ సంస్థ గందరగోళపు భాషలో రాసిందని, దాన్ని ఆస్పెన్ టవరుకు సరిగా చేరవేయలేదని, అద్దెకు తీసుకున్నవారి ఒత్తిడి, ఆలస్యం, గడువు పైలట్ మీద పనిచేశాయని. గందరగోళపు వాక్యం ఒకటి మనుషుల ప్రాణాల లెక్కలోకి వచ్చిందన్న మాట మా లాంటి భాషా ఉపాధ్యాయులకు మరీ గట్టిగా తగులుతుంది.

పెద్ద విమాన సంస్థల్లో పైలట్‌కూ ప్రయాణికుడికీ మధ్య గోడ ఉంది. మూసిన తలుపు ఒక్కటే కాదు. ప్రయాణాన్ని నేల మీద నుంచి చూసుకునే వేరే ఉద్యోగులుంటారు. గో అరౌండ్ చేస్తే సంజాయిషీ అడగకూడదన్న నియమం ఉంటుంది. సీటు 17బీలో కూర్చున్న మనకు పైలట్ పేరు కూడా తెలియదు. అద్దె జెట్టులో కూర్చున్నవాడు డబ్బు కట్టినవాడు, ఒక్కోసారి విమానం యజమాని, వచ్చే నెల కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తేల్చేవాడు. పైలట్ వీపుకు మూడు గజాల దూరంలో ఉంటాడు. నోరు తెరిచి ఏమీ అనక్కర లేదు. చేతి గడియారం చూసుకుంటే చాలు.

అయితే ప్రతి ప్రమాదాన్నీ ఈ చట్రంలో బిగించడం అన్యాయం. కూనూరులో ఎవరో తొందర పెట్టారనడానికి ఆధారం లేదు. నల్లమలలో కూడా విచారణ వేలు చూపింది దృష్టి మళ్లడం వైపు. మేము అనేది ఇంతే. నేల మీద సభ, విందు, సమావేశం ఒక నిర్ణీత సమయానికి ఉన్నప్పుడు, దిగే చోట పరికరాలు తక్కువైనప్పుడు, చూపు ఆననప్పుడు, ఈ మూడూ కలిస్తే పైలట్ తలలో లెక్క మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. ఇందాకటి చెవిలోని ద్రవం లాగే, ఒరిగిన సంగతి అతనికే తెలియదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. దిగలేకపోతే ఏ ఊరికి మళ్లాలో బయలుదేరే ముందే ప్రయాణికుడికి చెప్పి, ఆ ఊరిలో కారు సిద్ధంగా పెట్టించడం. కారు ఎదురుచూస్తోందని తెలిస్తే సగం కోపం అక్కడే పోతుంది. ఆస్పెన్ బృందానికి వంద కిలోమీటర్ల దూరంలో రైఫిల్ అనే ఊరి విమానాశ్రయం ఉంది. రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. విందు చల్లారేది.

ఎత్తు చెప్పే పెట్టె అబద్ధం చెబితే

మారుమూల దిగడంలో మరో ఇబ్బంది ఉంది, దీని మీద చర్చ తక్కువ. విమానంలో ఎత్తు చూపే ఆల్టీమీటరు నిజానికి గాలి ఒత్తిడి కొలిచే పరికరం. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గుదలను ఎత్తుగా మార్చి చూపుతుంది. ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఎనిమిదిన్నర మీటర్లు పైకి పోయినట్టు లెక్క. కానీ నేల మీది ఒత్తిడి రోజూ ఒకలా ఉండదు. కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే పడిపోతుంది. అందుకే దిగే చోట ఆ గంటకు ఉన్న ఒత్తిడిని టవరు నుంచి తెలుసుకుని, పరికరాన్ని సరిదిద్దుకుని దిగుతారు.

వాతావరణ కేంద్రం లేని ఎయిర్‌స్ట్రిప్‌లో ఆ అంకె చెప్పేదెవరు? వంద కిలోమీటర్ల అవతలి విమానాశ్రయం అంకెతోనే దిగితే, 10 మిల్లీబార్ల తేడా వచ్చిందనుకోండి, ఎత్తు 85 మీటర్లు తప్పు చూపిస్తుంది. నిర్ణయ ఎత్తు ఎంత అనుకున్నాం? 60 మీటర్లు. ఇంకా పైనున్నామని పెట్టె చెబుతూ ఉండగానే నేల తగులుతుంది. హోసూరు పీఠభూమి సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ బోడిగుట్టలు. ఇక్కడ 85 మీటర్లు చిన్న తేడా కాదు.

శుభవార్త కూడా ఉంది, అదీ మన పొరుగు నుంచే. భారత విమానాశ్రయాల సంస్థ, ఇస్రో కలిసి గగన్ అనే వ్యవస్థను కట్టాయి. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాల్లోని తప్పులను నేల మీది కేంద్రాలు కనిపెట్టి, దిద్దుబాట్లను మన జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానాలకు పంపుతాయి. దాని ప్రధాన నియంత్రణ కేంద్రం బెంగళూరు కుందలహళ్లిలో ఉంది. మన ఊళ్ల నుంచి ఎంతమంది అక్కడి అపార్ట్‌మెంట్లలో పనికి పోతున్నారో లెక్కలేదు. ఈ వ్యవస్థతో, రన్‌వే దగ్గర కోట్ల రూపాయల రేడియో పరికరాలు లేకపోయినా, ఎడమ కుడి దారినే కాక దిగే వాలును కూడా విమానం తెలుసుకోగలదు. పైగా ఆ వాలు గాలి ఒత్తిడి మీద ఆధారపడదు. 2022 ఏప్రిల్‌లో ఇండిగో సంస్థ ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ చిన్న విమానాశ్రయంలో ఈ పద్ధతిలో దిగింది. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో అది మొదటిసారి. మరి చిన్న జెట్లన్నింటిలో ఆ సంకేతం అందుకునే పరికరం ఉందా, ప్రతి ఎయిర్‌స్ట్రిప్‌కూ ఆ దారి పటం గీశారా అంటే, లేదు. ఉపగ్రహం ఆకాశంలో ఉంది, ఖర్చంతా ప్రజల డబ్బు, చివరి మెట్టు దగ్గర ఆగిపోయింది. ప్రైవేటు జెట్టు కొనగలిగినవారికి ఆ పరికరం ధర పెద్ద భారం కాదని మా అభిప్రాయం. మారుమూల ఎయిర్‌స్ట్రిప్‌లకు పోయే ప్రతి అద్దె విమానానికీ దాన్ని తప్పనిసరి చేయడంలో ఇంకా ఆలోచించాల్సింది ఏముంది?

పరికరాలు ఎంతవరకు పోగలవో బెంగళూరులో చూడవచ్చు. అక్కడి దక్షిణ రన్‌వేకు ఉన్న కేటగిరీ 3బీ వ్యవస్థతో చూపు 50 మీటర్లే ఉన్నా దిగవచ్చు. విమానంలోనూ అందుకు తగ్గ యంత్రాలుండాలి, పైలట్‌కు ఆ శిక్షణ ఉండాలి. మూడింటిలో ఒకటి లేకపోయినా ఆ అంకె వర్తించదు.

బేరిగైలో అడగాల్సింది

విమానాశ్రయం మాట వచ్చినప్పటి నుంచి మన ప్రాంతంలో రెండే సంగతులు వినిపిస్తున్నాయి. భూమి పోతుందన్న భయం, ఎకరం ధర పెరుగుతుందన్న ఆశ. రెండూ సహజమే. రాగి, టమోటా, గులాబీ పండే నేల మీద ఆధారపడ్డవారికి నష్టపరిహారం కంటే ముందు ఇంకేం గుర్తొస్తుంది? ఆ చర్చలో మూడో ప్రశ్న చేరాలని మా కోరిక. ఆ నేల మీద ఏడాదికి ఎన్ని ఉదయాలు మంచు పడుతుంది? ఎన్ని గంటలకు విడుతుంది? గాలి ఏ నెలలో ఎటు వీస్తుంది?

రన్‌వే ఏ దిక్కుగా వేయాలో, దానికి ఏ స్థాయి దీపాలు, పరికరాలు కావాలో తేల్చేవి ఈ అంకెలే. అవి ఒక్క రోజులో పుట్టవు. ఏళ్ల తరబడి రాయాలి. బెంగళూరులోని అంకెలు తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు. అక్కడ విడిన మంచు మార్కండేయ లోయలో తొమ్మిదింటి దాకా కూర్చుంటుందని ఇక్కడి పాలవాడికి తెలుసు. భూసేకరణ నోటీసులు అంటించడానికి ముందే ఆ పొలాల గట్ల మీద స్వయంచాలక వాతావరణ కేంద్రాలు రెండో మూడో పెట్టమని గ్రామసభల్లో అడగవచ్చు. భూమి ఇచ్చేవారికి, ఆ భూమి ఆ పనికి సరిపోతుందో లేదో తెలుసుకునే హక్కు అన్నిటికంటే ముందు ఉంది.

పదో తరగతి దాటుతున్న పిల్లలకు ఒక మాట. విమానాశ్రయం వస్తే కాపలా ఉద్యోగాలు, ట్రాలీలు నెట్టే ఉద్యోగాలు స్థానికులకు అంటారు. టవరులో కూర్చుని విమానాలకు దారి చెప్పే ఉద్యోగానికి భౌతికశాస్త్రం, గణితం చదివిన బీఎస్సీ పట్టా ఉంటే పరీక్ష రాయవచ్చు. వాతావరణ శాఖ ఉద్యోగాలకూ అదే దారి. తెలుగు మాధ్యమంలో చదివామని వెనకాడనక్కర లేదు. రేడియోలో వాడే ఇంగ్లిషు కొన్ని వందల మాటలే, అవి అందరూ కొత్తగా నేర్చుకునేవే.

ఉపాధ్యాయులకు ఒక పని సూచిస్తున్నాం. వాతావరణ కేంద్రాల్లో చూపు దూరాన్ని ఎన్నో ఏళ్లు కంటితోనే కొలిచారు. చుట్టూ కనబడే గుడి గోపురం, నీళ్ల ట్యాంకు, సెల్ టవరు, గుట్ట ఇలా గుర్తులు ఎంచుకుని, ఒక్కోటీ ఎన్ని మీటర్ల దూరమో ముందే కొలిచి పెట్టుకుంటారు. ఉదయాన కనబడిన వాటిలో అన్నిటికంటే దూరపు గుర్తు ఏదో అదే ఆనాటి చూపు దూరం. కిలోమీటరు కంటే తక్కువైతే పొగమంచు కింద రాస్తారు. బడి మేడ మీద నుంచి ఇలాంటి గుర్తులు ఆరేడు ఎంచుకోండి. దూరాలు ఫోన్ పటంలో కొలవవచ్చు. మార్గశిరం మొదటి రోజు నుంచి మాఘం దాకా, ప్రార్థనకు ముందు, ఉదయం 8 గంటలకు, వంతుల వారీగా ఇద్దరేసి పిల్లలు చూసి నోటుపుస్తకంలో తేదీ, సమయం, చివరగా కనబడిన గుర్తు, దూరం రాయాలి. ఒకరు చెప్పింది మరొకరు సరిచూడాలి. ఇద్దరికీ తేడా వస్తే రెండు అంకెలూ రాయాలి, ఒకదాన్ని కొట్టేయకూడదు. సెలవు రోజుల్లో బడికి దగ్గరి ఇంటి పిల్లలు చూస్తే ఖాళీలు రావు.

వేప్పనపల్లి, బేరిగై, శూలగిరి, బాగలూరు బడుల పుస్తకాల నకళ్లు శివరాత్రి లోపు మాకు అందితే, ఏ ఊరిలో ఎన్ని ఉదయాలు చూపు కిలోమీటరు లోపు ఉందో పక్కపక్కన పట్టికగా ఈ పేజీలోనే వేస్తాం.